లైట్‌సేబర్ క్లాంప్‌లో పట్టీ మార్చాను (నా అనుభవం)

1977 ‘స్టార్ వార్స్’లో హీరో ల్యూక్ వాడే లైట్‌సేబర్ (వెలుగు కత్తి) పిడి నిజానికి పాత ప్రెస్ కెమెరాలకు వాడిన గ్రాఫ్లెక్స్ కంపెనీ ఫ్లాష్ హ్యాండిల్. సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ దాన్ని లండన్‌లో ఒక కెమెరా షాపులో చూసి తీసుకున్నారు. అసలు వస్తువు ఇదని తెలుసు కాబట్టి రెప్లికాను దేనితో పోల్చాలన్న టెన్షన్ ఉండదు.

నా రెప్లికాను మొదటి సినిమా మోడల్ అని అమ్మారు. కానీ దాని క్లాంప్‌లో (పిడి ట్యూబ్ చుట్టూ బిగించే పట్టులో) బంగారు గీతల సర్క్యూట్ బోర్డు ముక్క ఉంది. అది 1980లో వచ్చిన రెండో సినిమాలోది. 1977 నాటి పిడిలో ఉన్నది పాత కాలిక్యులేటర్ డిస్‌ప్లే మీద అంకెల్ని పెద్దవిగా చూపే బుడగల లెన్స్ పట్టీ. క్లాంప్ లివర్ తెరిచి బోర్డు ముక్క తీసేసి, పాడైన కాలిక్యులేటర్‌లోని పట్టీని కొలతకు కోసి దూర్చాను. వదులుగా ఉన్నచోట డబుల్ టేప్ వేశాను.

కొలతలకు మాత్రం సినిమా స్టిల్స్‌నే నమ్ముతాను, అదీ పక్క నుంచి తీసినవే. దగ్గర నుంచి ఏటవాలుగా తీస్తే ముందు భాగం ఉబ్బినట్టు కనిపిస్తుంది. ట్యూబ్ వెడల్పుతో క్లాంప్ పొడవును భాగించి, అదే నిష్పత్తి నా దాంట్లో వస్తుందా అని చూస్తాను. క్లాంప్ సరిపోయింది. నల్ల గ్రిప్‌లు కాస్త కిందకు ఉన్నాయి, వాటిని ఊడదీసి మళ్లీ అతికించాలి.