పెరట్లో గిన్నెకోళ్లను పెంచడం ఎలా?

పేరుకు కోడే గానీ గిన్నెకోడి (గినీ ఫౌల్) బుద్ధి కోడిది కాదు. ఆఫ్రికా గడ్డి మైదానాల్లో గుంపుగా తిరిగే పక్షి అది. మనిషి చేతికి వచ్చి ఎన్ని తరాలు గడిచినా చెట్టెక్కి పడుకోవడం, పొదల్లో గుడ్లు దాచడం, చీమ చిటుక్కుమన్నా వీధంతా వినబడేలా అరవడం మానలేదు. నాటుకోడిలా గంప కింద పెట్టి పెంచుదామనుకుంటే కుదరదు. ముఖ్యంగా రెండు చోట్ల జాగ్రత్త కావాలి: పిల్లల మొదటి నెల, పెద్దయ్యాక గూటికి తిరిగొచ్చే అలవాటు.

ఇంటికి ఇల్లు ఆనుకుని ఉన్న చోట వీటి జోలికి పోవద్దు. తెల్లవారకముందే మొదలయ్యే అరుపును పక్కింటివాళ్లు వారం కూడా భరించరు. ఊరి చివర ఇల్లు, తోట, పొలం గట్టున షెడ్డు ఉన్నవాళ్లకు ఆ అరుపే కాపలా. కొత్త మనిషి, కుక్క, పాము ఏది కనబడినా గుంపంతా చుట్టూ చేరి గోల పెడుతుంది. పాముల్ని చంపేస్తాయని చెప్పేది మాత్రం సగం మాటే. చిన్నవాటిని పొడుస్తాయి, పెద్దవాటిని చూపిస్తాయి, అంతే.

1. పిల్లలతోనే మొదలుపెట్టండి

పెద్ద పక్షుల్ని కొనితెచ్చి పెరట్లో వదిలితే మర్నాటికి ఒక్కటీ ఉండకపోవచ్చు. అవి తమ ఇంటినే వెతుక్కుంటూ పోతాయి. ఒకటి రెండు రోజుల పిల్లల్ని తెచ్చుకోవడమే మేలు. చివరికి పది పన్నెండు కావాలంటే 20 పిల్లలు తీసుకోండి. కొన్ని పోతాయి, పైగా ఈ వయసులో పెట్టా పుంజా తెలియదు. ఒకటీ రెండూ తెస్తే తోడు లేక దిగాలు పడి అరుస్తూనే ఉంటాయి.

బూడిద రంగు మీద ముత్యాల్లాంటి తెల్ల చుక్కలున్న రకమే ఎక్కువగా దొరుకుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్ కేంద్రీయ పక్షి పరిశోధన సంస్థ కాదంబరి, చితాంబరి, శ్వేతాంబరి అనే రకాల్ని తయారుచేసింది. పెరటికి ఏదైనా సరే. తెల్లవి మాత్రం గద్ద కంటికి త్వరగా ఆనుతాయి.

2. మొదటి నాలుగు వారాలు

అడుగున్నర ఎత్తు అట్టను మూడడుగుల వెడల్పున గుండ్రంగా నిలబెట్టండి. మూలలుంటే చలికి పిల్లలన్నీ అక్కడే ఒకదాని మీద ఒకటి ఎక్కి కిందివి ఊపిరాడక చస్తాయి. అడుగున రెండంగుళాల వరి ఊక పోసి, మొదటి మూడు రోజులు దాని మీద గోనెపట్టా పరవండి. నున్నటి న్యూస్‌పేపరు వద్దు. కాళ్లు జారి రెండు పక్కలకూ చీలిపోతాయి, అలా చీలిన కాళ్లు సరిగ్గా నిలబడటం కష్టం.

మొదటి వారం వేడి 35 డిగ్రీలు ఉండాలి. తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. 60 వాట్ల బల్బులు రెండింటిని అడుగున్నర ఎత్తున వేలాడదీస్తే చాలు. వేసవి పగళ్లలో అవీ అక్కర్లేదు. థర్మామీటరు కంటే పిల్లలే బాగా చెబుతాయి: బల్బు కింద కుప్పపడితే చలి, అట్ట అంచుకు పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువ, అంతటా చెదిరి తింటుంటే సరిపోయింది.

నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయండి. వేలెడు లోతు నీళ్లలో కూడా మునిగి చస్తాయి. రెండో వారం నుంచి ఎగురుతాయి కాబట్టి పైన వల కప్పాలి.

వీటికి కోడిపిల్లల కంటే మాంసకృత్తులు ఎక్కువ కావాలి, మొదటి నెల 24 శాతం దాకా. బ్రాయిలర్ ప్రీ-స్టార్టర్ మేతకు (మాంసం కోళ్ల పిల్లలకు మొదటి రోజుల్లో వేసేది) ఉడికించిన గుడ్డు చిదిమి కలపండి, 20 పిల్లలకు రోజుకు ఒకటి. కొనేటప్పుడు బస్తా మీది చీటీ చదవండి. బ్రాయిలర్ మేతలో కాక్సిడియోసిస్‌కు (పేగుల్ని పట్టే పరాన్నజీవి రోగం) కలిపే కొన్ని మందులు ఈ జాతికి పడవు. మందు కలపని మేత దొరికితే అదే తీసుకోండి, లేదంటే పశువైద్యుణ్ణి అడగండి. నట్టల మందు, కొక్కెర తెగులు టీకా సంగతి కూడా ఆయన దగ్గరే తేల్చుకోండి.

చెదలు దొరికితే అంతకంటే మంచి మేత లేదు. పాత కుండలో తడిపిన గడ్డి, ఎండు పేడ కుక్కి చెదపుట్ట దగ్గర బోర్లిస్తే ఒకటి రెండు రాత్రుల్లో చెదలు పడతాయి. తెల్లారి పిల్లల ముందు దులపడమే.

తడి గడ్డిలోకి మాత్రం ఆరు వారాలు నిండేదాకా వదలొద్దు. పొద్దున్నే మంచుకు తడిసిన పిల్ల మధ్యాహ్నానికి ముడుచుకుని కూర్చుంటుంది, సాయంత్రానికి ఉండదు. రోగం అనుకుంటారు గానీ చాలాసార్లు అది చలే.

3. షెడ్డు

పెద్ద పక్షికి మూడు చదరపు అడుగులు లెక్క వేసుకోండి. పడుకోవడానికి నాలుగైదు అడుగుల ఎత్తున రెండంగుళాల మందం కర్రలు అడ్డంగా కట్టండి. నేల మీద పడుకోమంటే పడుకోవు. అడుగు భాగం జాలీకి ముంగిస దూరని సన్న కన్ను ఉండాలి. నాటుకోళ్లతో ఇరుకులో కలిపితే వాటిని పొడిచి మేత దగ్గరికి రానివ్వవు. మేత తొట్లు రెండు మూడు చోట్ల పెడితే కొంత నయం.

4. ఇల్లు మరిగించడం

తొందరపడి పాడుచేసుకునేది ఇక్కడే. ఆరు వారాలప్పుడు షెడ్డులోకి మార్చాక మరో ఆరు వారాలు తలుపు తీయొద్దు. జాలీలోంచి చుట్టుపక్కల చూస్తూ ఇది మన చోటని నేర్చుకోవాలి. ఈ ఆరు వారాలూ రోజూ సాయంత్రం ఒకే వేళకు ఒకే చప్పుడు చేసి, ఉదాహరణకు రేకు డబ్బాలో జొన్నలు గలగలలాడించి, గుప్పెడు సజ్జలో కొర్రలో చల్లండి. ఈ గింజలు వేరే వేళ పెట్టొద్దు.

వదిలే రోజు మధ్యాహ్నం మేత ఆపండి. చీకటి పడటానికి గంట ముందు రెండింటిని మాత్రమే బయటికి పంపండి. లోపలున్నవి పిలుస్తుంటాయి, బయటవి దూరం పోలేవు. అరగంటకు డబ్బా ఆడించండి. మర్నాడు నాలుగు, ఆపై సగం, వారం పది రోజులకు అన్నీ. చివరి పక్షిని ఎప్పుడూ ఒంటరిగా లోపల ఉంచొద్దు.

ఒక్కోసారి గుంపంతా తలుపు దాకా వచ్చి, మెడలు చాచి లోపలికి తొంగిచూసి, వెనక్కి తిరిగి వేపచెట్టెక్కేస్తుంది. కారణం లోపలి చీకటి. చీకటి గూట్లోకి ఇవి అడుగు పెట్టవు. పొద్దువాలకముందే లోపల చిన్న బల్బు వేసి, అన్నీ కర్రలెక్కాక ఆర్పేయండి. చెట్టు మరిగిన గుంపును మళ్లీ షెడ్డుకు తేవాలంటే రెండు వారాలు మూసిపెట్టి మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

గోడ దాటేవాటికి ఒక్క వైపు రెక్క ఈకలు మాత్రమే కత్తిరించండి. బరువు ఒరిగి ఎగరలేవు. మొదలు దగ్గర నెత్తురు కనిపించే కొత్త ఈకను కత్తిరించకూడదు. ఈకలు రాల్చినప్పుడల్లా కొత్తవి వస్తాయి గనుక మళ్లీ చేయాలి. పట్టుకోవడం రాత్రి, చీకట్లో, రెండు రెక్కలూ కలిపి ఒంటిని అదిమి. కోడిని పట్టినట్టు కాలు పట్టి లాగితే కాలు తొలుగుతుంది.

తిరిగి మేసే పక్షికి సాయంత్రం 40-50 గ్రాముల గింజ చాలు. కోళ్లంత మట్టి గీకవు గానీ మొలకల్నీ పండిన టమాటాలనీ వదలవు, నారుమడికి వల కప్పుకోండి.

5. పెట్టా, పుంజా?

రెండు నెలలు దాటాక చెవులే సాధనం. రెండు ముక్కల కూత, రెండోది పైకి లేస్తూ "టక్-క్రీ, టక్-క్రీ" అని వినిపిస్తే అది పెట్టే. "చీ-చీ-చీ" అని ఒకే ముక్క అరిస్తే ఏమీ తేలదు, బెదిరిన పెట్ట కూడా అలాగే అరుస్తుంది. పుంజుకు బుగ్గల కింద వేలాడే తమ్మెలు పెద్దవి, కప్పులా వంగి ఉంటాయి. నాలుగైదు పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది.

6. గుడ్లు, పొదగడం

ఏడెనిమిది నెలలకు గుడ్లు మొదలవుతాయి. గుడ్డు 40 గ్రాములు, పెంకు గట్టిది. పొదలో గుడ్లు పెట్టే చోటు కనబడితే అన్నీ తీసేయొద్దు, నాలుగైదు వదలండి. ఖాళీ చేస్తే మర్నాటి నుంచి ఇంకెక్కడో దాస్తుంది. మధ్యాహ్నం దాకా షెడ్డులోనే ఉంచితే కొన్నయినా అక్కడే పెడతాయి.

పొదిగించడానికి నమ్మకమైన నాటుకోడి పెట్టే మేలు. గిన్నెకోడి తల్లి పిల్లల్ని తెల్లవారగానే తడి గడ్డిలోకి తీసుకుపోతుంది. పెట్టి వారం దాటని గుడ్లు 15 దాకా కోడి కింద పెట్టండి. 26 నుంచి 28 రోజులు పడుతుంది. కోడిగుడ్లు కూడా కలిపి పెడితే అవి 21వ రోజుకే పిల్లలై కోడి వాటితో లేచిపోతుంది, గిన్నెకోడి గుడ్లు చల్లబడి పోతాయి. రెండూ కలపాలనుకుంటే కోడిగుడ్లను వారం ఆలస్యంగా, ఎనిమిదో రోజున పెట్టండి.