హ్యూగో ఎక్కింది గానీ నడవలేదు: నా అనుభవం

ఉదయగిరిలో మా బాబాయి చెక్క చెంచాలు, గరిటెలు చేసి అమ్ముతాడు. వాటికో చిన్న వెబ్‌సైట్ కడదామని నెల్లూరులో నా పాత ల్యాప్‌టాప్ తెరిచా. అందులో ఉన్నది ఉబుంటు 22.04 (లినక్స్‌లో ఒక రకం). మనం రాసిన ఫైళ్లని వెబ్‌సైట్‌గా మార్చే సాఫ్ట్‌వేర్ హ్యూగో. దానికోసం టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ హ్యూగో' కొట్టా, ఇట్టే ఎక్కింది.

తీరా దించుకున్న థీమ్‌తో (సైటు రూపురేఖల మూస) 'హ్యూగో సర్వర్' అని కొడితే, కాన్ఫిగ్ ఫైలే (సైటు సెట్టింగులుండేది) కనపడలేదంటుంది. కళ్లెదుట 'హ్యూగో.టామ్ల్' ఉంది! అక్షరం అక్షరం సరిచూసుకుంటూ ఒక సాయంత్రం పోగొట్టుకున్నా. తప్పు ఫైలుది కాదు. ఆప్ట్ (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టేది) ఇచ్చింది 0.92 వెర్షన్, ఆ పేరు చెల్లేది 0.110 నుంచే. అంతకుముందు 'కాన్ఫిగ్.టామ్ల్' అనే ఉండాలి. పేరు మార్చి చూస్తే ఇంకో తగువు, థీమ్‌కి కొత్త హ్యూగోనే కావాలట. 'హ్యూగో వెర్షన్' అని ముందే కొట్టుంటే ఈ తిప్పలుండేవి కావు.

గిట్‌హబ్‌లో హ్యూగో వాళ్లు పెట్టే రిలీజుల నుంచి 'ఎక్స్‌టెండెడ్' రకం డెబ్ ఫైలు (ఉబుంటులో ఎక్కించే ప్యాకేజీ) దించి (థీమ్ సాస్ అనే స్టైల్ భాష వాడుతుంది, దానికి ఈ రకమే కావాలి మరి), 'సుడో డీపీకేజీ -ఐ'తో ఎక్కించా. అయినా మొండికేసింది. కొత్తది 'యూఎస్ఆర్/లోకల్/బిన్'లో కూర్చుంటే, బ్యాష్ (టెర్మినల్‌లో ఆదేశాలు నడిపేది) తను గుర్తుపెట్టుకున్న పాత చిరునామా 'యూఎస్ఆర్/బిన్'కే పోతోంది. ఆ గుర్తుని చెరిపేసే 'హ్యాష్ -ఆర్' కొట్టగానే దారికొచ్చింది.

చెంచాల పేజీ కనపడకపోతే, ఆ పేజీ ఫైల్లో 'డ్రాఫ్ట్'ని (ఇంకా చిత్తుప్రతే అనే గుర్తు) ట్రూ నుంచి ఫాల్స్ చేశా, అంతే.

ఆదివారం ఉదయగిరి పోయి, సైటుని నా ల్యాప్‌టాప్‌లోనే లోకల్‌హోస్ట్ 1313 (సొంత కంప్యూటర్‌లోనే తెరుచుకునే చిరునామా)లో చూపించా. బాబాయి కళ్లజోడు సవరించుకుని, "ఏందిరా, గరిటె తలకిందులుగా ఉందే?" అన్నాడు.