పికింగ్‌కి కార్టన్ ఫ్లో ర్యాక్ ఎంచుకునేటప్పుడు

కార్టన్ ఫ్లో ర్యాక్ అంటే వెనక పెట్టిన పెట్టెలు వాలుగా ఉన్న రోలర్లు లేదా చక్రాల మీద వాటంతటవే ముందుకి జారి వచ్చే ర్యాక్. పికింగ్ అంటే గోదాములో ఆర్డర్ ప్రకారం సరుకు తీయడం. ముందు సరుకు కదలిక చూడండి. రోజూ కార్టన్ల కొద్దీ పోయే ఐటమ్‌కే ఫ్లో ర్యాక్ గిట్టుబాటు. వారానికో పెట్టె కదిలేదానికి మామూలు షెల్ఫ్ చాలు. వెనక నింపి ముందు తీస్తారు కాబట్టి ముందొచ్చిన సరుకే ముందు పోతుంది. మందులకు, తినుబండారాలకు ఇదే కావాలి. కానీ వెనక నింపడానికి వేరే నడవ వదలాలి, లేఅవుట్ గీసేటప్పుడే.

అసలు సంగతి పెట్టె అడుగున ఉంటుంది. అతి చిన్న కార్టన్ కింద కూడా ఎప్పుడూ కనీసం మూడు రోలర్లు ఉండాలి. అంటే 15 సెంటీమీటర్ల పెట్టెకి రోలర్ల మధ్య దూరం 5 సెంటీమీటర్లు దాటకూడదు. సైజులు తరచూ మారుతుంటే చక్రాల పట్టాలు వద్దు, లేన్ (పెట్టెల ఒక వరుస జారే దారి) వెడల్పంతా ఉండే రోలర్లు తీసుకోండి. పట్టాల మీద పెట్టె కాస్త పక్కకి తిరిగితే చాలు, ఇరుక్కుంటుంది. అడుగు మెత్తబడ్డ పెట్టెలు, స్ట్రాప్ ఊడి వేలాడేవి ఎలాగూ జారవు. వాటి సరుకుని టోట్లలోకి, అంటే గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చండి.

వాలు సాధారణంగా 3 నుంచి 5 డిగ్రీలు. 2.5 మీటర్ల లేన్‌కి ముందు కొస వెనక కొస కంటే సుమారు 13 నుంచి 22 సెంటీమీటర్లు కిందికి ఉంటుందన్నమాట. తేలిక పెట్టెకి ఎక్కువ వాలు, బరువుదానికి తక్కువ. రెండూ ఒకే లేన్‌లో కలిపితే ముందున్న తేలికది నలిగిపోతుంది.

ఆర్డరిచ్చే ముందు మీ కార్టన్లతోనే ఒక లేన్ నింపి రెండు రోజులు కదపకుండా వదిలేయండి. బరువుకి అట్ట రోలర్ల మధ్య దిగబడుతుంది. అప్పుడు ముందు పెట్టె తీయండి. రెండోది చెయ్యి తగలకుండా వస్తేనే ఆ వాలు సరిపోయినట్టు.