బొమ్మ సైనికుణ్ని ఝాన్సీ రాణి రెజిమెంట్ సైనికురాలిగా మారుస్తుంటే వచ్చే చిక్కులు

1943 అక్టోబర్ 22న సింగపూర్‌లో ఝాన్సీ రాణి రెజిమెంట్, అంటే నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్‌లోని మహిళా దళం, శిక్షణ శిబిరం మొదలైంది. కెప్టెన్ లక్ష్మి నాయకత్వం. మలయా రబ్బరు తోటల నుంచి వచ్చిన అమ్మాయిలు ఎందరో అందులో తుపాకీ పట్టారు. వాళ్ల బొమ్మలు అంగట్లో దొరకడం కష్టం, అందుకే 1/72 సైజు (అసలు మనిషిలో 72వ వంతు) బ్రిటిష్ సైనికుల మెత్తటి ప్లాస్టిక్ బొమ్మల్ని మారుస్తుంటాను.

ఎంత చేసినా మగవాడిలాగే ఉంది, లేదా పెళ్లి బొమ్మలా అయిపోయింది

అందరూ ఇక్కడే తడబడతారు. ఆడమనిషి అనగానే ఎదమీద ఎం-సీల్ (పిసికి పెడితే గట్టిపడే పదార్థం) ముద్ద పెట్టేస్తాం, నడుము దాకా జడ వేస్తాం. కానీ ఆ రోజుల ఫొటోలు చూడండి: ఖాకీ చొక్కా, ప్యాంటు, సైడ్ క్యాప్ (పడవ ఆకారపు టోపీ). వదులు చొక్కాలో ఒంటి ఆకారం పెద్దగా తెలియదు. జుట్టు కురచగా కత్తిరించుకున్నవాళ్లూ ఉన్నారు.

కాబట్టి పెట్టడం కన్నా తీయడం మీద దృష్టి పెట్టండి. మెడ సన్నం చేయండి, దవడ మూలలు చెక్కండి, రెండు భుజాల చివర్లూ వెంట్రుకవాసి కోయండి. హెల్మెట్ తీసేసి, దాని చోట ఎం-సీల్‌తో టోపీ చేయండి. వేలు తడి చేసుకుంటే ముద్ద అంటుకోదు.

ఎత్తు కూడా చూసుకోవాలి. 175 సెంటీమీటర్ల మగవాడు ఈ సైజులో 24 మిల్లీమీటర్లు, 155 సెంటీమీటర్ల అమ్మాయి 21.5. మోకాలి కింద సుమారు రెండున్నర మిల్లీమీటర్లు కోసి పాదాలు మళ్లీ అతికించండి. తుపాకీని మాత్రం ముట్టుకోకండి. బ్రిటిష్ రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ అసలు పొడవు 113 సెంటీమీటర్లు, అంటే బొమ్మలో దాదాపు 16 మిల్లీమీటర్లు. నేల మీద ఆనిస్తే ఆ అమ్మాయి చంక దాకా వస్తుంది. అంత పొడవైన తుపాకీని ఆ పిల్లలు ఎలా మోశారో ఆ ఒక్క కొలతతో కళ్లకు కడుతుంది.

చెక్కిన చోట నూగు లేస్తోంది

ఉప్పుకాగితంతో రుద్దారన్నమాట. మెత్తటి ప్లాస్టిక్ అరగదు, పీచులా లేస్తుంది. కొత్త బ్లేడుతో పలచగా కోయండి, అంతే.

అతికించిన తల, పాదాలు ఊడిపోతున్నాయి

ఈ ప్లాస్టిక్‌ను సూపర్ గ్లూ సరిగా పట్టుకోదు. సన్నని డ్రిల్లుతో రెండు వైపులా రంధ్రం చేసి, రాగి తీగ ముక్క దూర్చి, అప్పుడు జిగురు వేయండి. నా మొదటి బొమ్మ తల మూడుసార్లు ఊడింది. తీగ వేశాక మళ్లీ కదల్లేదు.

రంగు పెచ్చులూడుతోంది

అచ్చు నుంచి వచ్చిన జిడ్డు అలాగే ఉండిపోయింది. గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి. ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే మొదటి పూత) వేశాకే యాక్రిలిక్ రంగు.

తుపాకీ గొట్టం వంగిపోయింది

డబ్బాలో నలిగి అలా అవుతుంది. వేడినీళ్లలో ఒక నిమిషం ఉంచి, చేత్తో తిన్నగా పట్టుకుని, వెంటనే చన్నీళ్లలో ముంచండి. ఇది రంగు వేయకముందే చేయాలి. తర్వాత చేస్తే గొట్టం మీది రంగు పగిలిపోతుంది.