ప్రిస్క్రిప్షన్ చదవడం – 4వ పాఠం: హార్ట్ ఫెయిల్యూర్‌లో బీపీ మాత్ర చేసే రెండో పని

దీర్ఘకాలిక హార్ట్ ఫెయిల్యూర్‌లో (గుండె బలహీనపడి రక్తాన్ని సరిగ్గా పంప్ చేయలేని స్థితిలో) ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో లోలోపలి వాపు) ఉంటుందని, దాన్ని పెంచే టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 అనే ప్రొటీన్లు రక్తంలో పెరుగుతాయని గత పాఠంలో చెప్పుకున్నాం. దాని మీద ఎక్కువమంది అడిగింది ఒకటే: "అయితే వాపు, నొప్పి తగ్గించే డైక్లోఫినాక్ వేసుకుంటే సరిపోతుందిగా?"

సరిపోదు, ప్రమాదం. ఈరోజు పాఠానికి ముందు ఇది తేలాలి. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఒంట్లో తయారవకుండా ఆపుతాయి. గుండె బలహీనపడ్డప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసేవి ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అవి తగ్గితే ఉప్పు, నీరు ఒంట్లో నిలిచిపోయి ఆయాసం తిరగబెడుతుంది. ఎనలాప్రిల్ (బీపీ మందు), ఫ్రూసమైడ్ (ఒంట్లో నీరు తగ్గించే మందు) వాడుతూ వీటిని కూడా వేసుకుంటే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినొచ్చు. మోకాళ్ళ నొప్పికని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి చాలావరకు ఈ మాత్రలే. డాక్టర్‌ని అడగకుండా ఒక్కటి కూడా వద్దు.

పోనీ, టీఎన్ఎఫ్‌నే నేరుగా అడ్డుకుంటే? అదీ చేసి చూశారు. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందుల్లో ఒకటైన ఎటనర్‌సెప్ట్‌తో మేలు జరగలేదు. 2003లో వెలువడిన అటాచ్ ట్రయల్‌లో అలాంటిదే మరో మందు ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్ళకు కీడే జరిగింది.

ఇక బీపీ మందు. బీపీ పెంచే యాంజియోటెన్సిన్-2 అనే హార్మోన్ రక్తనాళాలను బిగించి ఊరుకోదు. కణం మీదున్న ఏటీ1 గ్రాహకం (ఆ హార్మోన్ వచ్చి అతుక్కునే చోటు) ద్వారా, కణం లోపల ఇన్‌ఫ్లమేషన్‌ను మొదలుపెట్టే ఎన్ఎఫ్-కప్పా-బీ అనే ప్రొటీన్‌ను మేల్కొలుపుతుంది. దాంతో ఐఎల్-6 లాంటివి తయారవుతాయి. పేరు చివర "ప్రిల్" ఉంటే ఆ హార్మోన్ తయారీని తగ్గించే మందు, "సార్టన్" ఉంటే గ్రాహకాన్ని మూసే మందు. నేనైతే ముందు తోక చూస్తాను, బ్రాండ్ పేరు తర్వాత. స్పైరోనోలాక్టోన్‌కు ఈ తోకలు లేవు, అది అల్డోస్టిరాన్ అనే మరో హార్మోన్‌ను అడ్డుకుంటుంది.

1991 నాటి సాల్వ్డ్ ట్రయల్‌లో ఎనలాప్రిల్ మరణాలను 16 శాతం తగ్గించింది. అందులో ఇన్‌ఫ్లమేషన్ తగ్గడం వాటా ఎంతో విడదీసి చెప్పలేం. అయితే బీపీ తగ్గడం ఒక్కటే కారణం కాదు. మోక్సోనిడిన్ అనే మరో మందు కూడా బీపీ తగ్గిస్తుంది, కానీ హార్ట్ ఫెయిల్యూర్‌లో వాడి చూస్తే మరణాలు పెరిగాయి, ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. గుండె పంపింగ్ తగ్గినవాళ్ళకు వెరాపమిల్, డిల్టియాజెమ్ అనే బీపీ మందులు కూడా ఇవ్వరు.

అభ్యాసం: ఇంట్లో ఉన్న ప్రిస్క్రిప్షన్ తీసి, ఒక్కో మందు ఏ హార్మోన్‌ను, ఎక్కడ అడ్డుకుంటుందో రాయండి. ర్యామిప్రిల్‌తో పొడిదగ్గు వస్తే వల్సార్టన్‌కు ఎందుకు మారుస్తారో కూడా రాయండి. ఒంట్లో తయారయ్యే బ్రాడికినిన్ అనే పదార్థం గురించి చదివితేనే జవాబు దొరుకుతుంది. రాస్తూ రాస్తూ ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపకండి.