మొండికేసిన పినియన్ ఆయిల్ సీల్‌ని ఎలా తీయాలి?

పాత జీపు వెనక యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ ముందు భాగం ఎప్పుడూ తడిగా, దుమ్ము అట్టకట్టి కనిపిస్తోందా? ఎక్కువసార్లు పినియన్ సీల్, అంటే ఇంజిన్ తిప్పుడును లోపలికి తెచ్చే పినియన్ గేర్ షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రింగు, పోయిందనే అర్థం. కొత్తది కొనేముందు యాక్సిల్ మీది బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి) చూడండి. అది మట్టితో పూడుకుపోతే, బండి నడిచి వేడెక్కినప్పుడు లోపలి గాలి బయటికి పోలేక ఆయిల్‌ని సీల్ దగ్గరికి తోస్తుంది. బ్రీదర్ బాగుచేయకుండా ఎన్ని సీళ్లు మార్చినా అంతే సంగతులు.

బండిని చదునైన చోట ఆపి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టండి. పాత జీపుల్లో హ్యాండ్ బ్రేక్, గేర్‌బాక్స్ నుంచి ముందు వెనక యాక్సిళ్లకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ వెనకే ఉంటుంది. అక్కణ్ణించి వెనక యాక్సిల్‌కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పగానే అది వెనక చక్రాలను ఆపలేదు, జాగ్రత్త! వెనక యాక్సిల్‌ని స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేముందు, అది పినియన్‌తో కలిసేచోట బోల్టులతో బిగించిన రెండు ఫ్లాంజ్‌ల మీద కలిపి ఒక గీత గీయండి. పినియన్ నట్టు, పినియన్ షాఫ్ట్ కొస, పినియన్ వైపు ఫ్లాంజ్ మూడింటి మీదా సెంటర్ పంచ్‌తో చుక్కలు పెట్టి, నట్టు బయట కనిపించే మరలు లెక్కపెట్టి రాసుకోండి. క్రష్ స్లీవ్ (బేరింగుల మధ్య ఉండి, నట్టు బిగించేకొద్దీ నలిగే గొట్టం) ఉన్న బళ్లలో ఆ నట్టు బిగింపే బేరింగుల మీది ఒత్తిడిని నిర్ణయిస్తుంది. మీ బండిలో ఆ స్లీవ్ ఉంటే మాన్యువల్ చూసి బిగించాల్సిందే. కింద ట్రే పెట్టి, నట్టు విప్పి, ఫ్లాంజ్‌ని పుల్లర్‌తోనే లాగండి. సుత్తితో బాదితే ఆ దెబ్బ బేరింగులకే తగులుతుంది.

ఇక అసలు పని. మొదట్లో నేనూ పెద్ద స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పాను. సీల్ వచ్చింది, దాంతోపాటు హౌసింగ్ లోపలి గోడ మీద ఒక గీత కూడా వచ్చింది. కొత్త సీల్ ఆ గీత వెంటే కారింది. సీల్ ముక్కలైపోయినా నష్టం లేదు, గోడ మీద మాత్రం గోరంత గాటు పడకూడదు.

సీల్ అంచు చుట్టూ తుప్పు వదిలించే నూనె కొట్టి పావుగంట ఆగండి. ఆయిల్ ఉన్నచోట మంట పెట్టొద్దు. డ్రిల్ బిట్‌కి కొన నుంచి 3 మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టి, గ్రీజు పూయండి. ఇనుప రజను ఆ గ్రీజుకే అంటుకుంటుంది. సీల్ ఇనుప ముఖం మీద ఎదురెదురుగా రెండు బెజ్జాలు వేయండి. లోతు మించితే వెనకున్న బేరింగ్‌కి తగులుతుంది. వాటిలో పొట్టి స్క్రూలు బిగించి, హౌసింగ్ మీద చెక్కముక్క ఆనించి, మేకులు పీకే సుత్తితో ఒకసారి ఇటు, ఒకసారి అటు కొద్దికొద్దిగా లాగండి. ఒక్కవైపే లాగితే వంకరై ఇంకా బిగుసుకుంటుంది. అప్పటికీ కదలకపోతే మూడో స్క్రూ వేయండి.

బయటికొచ్చాక ఫ్లాంజ్ మీద సీల్ పెదవి రాసుకునే చోట గోరుతో గీకి చూడండి. గోరు ఇరుక్కుంటే గాడి పడిందన్నమాట. ఫ్లాంజ్ మార్చాలి, లేదా ఆ గాడిని కప్పేలా పల్చటి స్లీవ్ వేయించాలి. కొత్త సీల్ పెదవికి గ్రీజు రాసి, స్ప్రింగు వైపు లోపలికి ఉండేలా, బయటి అంచుకి సరిపోయే పైపుముక్కతో సమంగా దించండి. ఫ్లాంజ్, నట్టు, ప్రొపెల్లర్ షాఫ్ట్ పెట్టుకున్న గుర్తుల ప్రకారం మళ్లీ బిగించి, గేర్ ఆయిల్‌ని ఫిల్లర్ బెజ్జం అంచుదాకా పోసి, ఆ రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరచండి.