సామ్రాజ్యవాదం పాఠం ప్రాణహిత ఒడ్డున ఇలా చెప్పండి

పదో తరగతి పిల్లలకు "ముడిసరుకు, మార్కెట్లు, పోటీ" అని కారణాలు బట్టీ పట్టించకండి, పరీక్ష రాసిన మర్నాడే మర్చిపోతారు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మన సిరొంచ పిల్లలకైతే నది ఉంది. సాయంత్రం అక్కడికి తీసుకెళ్లండి, దారిలో ఏ చేలోనో అడిగి ఒక్క పత్తికాయ తెచ్చుకోండి.

దూది లాగి గింజలు వేళ్లతో తీయమనండి. గింజకు పీచు ఎలా పట్టుకుని ఉంటుందో, ఒక్క కాయకే ఎంతసేపు పడుతుందో తెలిశాక అడగండి: ఇంగ్లండులోని లాంకషైర్ బట్టల మిల్లులకు ఇంత దూది ఎక్కడిది? ఎక్కువ భాగం అమెరికాలో బానిసలు పండించినదే. 1861లో అక్కడ అంతర్యుద్ధం వచ్చి సరుకు ఆగిపోయేసరికి మిల్లులు మూతపడ్డాయి, దొరల కళ్లు బెరారు (ఇప్పటి విదర్భలో భాగం), వార్ధా పత్తి మీద పడ్డాయి.

ఇప్పుడు నది చూపించండి. వార్ధా నీళ్లు ప్రాణహితలోకి, ప్రాణహిత మన దగ్గరే గోదావరిలోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి. ఆ దారిన పడవల్లో పత్తి దింపాలన్న ఆలోచన అంతకు ముందే ఉంది, ఆర్థర్ కాటన్ దానికోసం గట్టిగా పట్టుబట్టాడు కూడా. డెల్టాలో ఆయన్ని పూజిస్తారు, ఆ గౌరవంతో నాకు పేచీ లేదు, కానీ ఈ పని ఎవరి లాభం కోసమో పిల్లల్నే తేల్చనివ్వండి. పడవలు నడిచేలా దుమ్ముగూడెం, ఇంచంపల్లి దగ్గర నదిలో పనులు మొదలయ్యాయి. 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది, 1871లో నది పనులు ఆపేశారు.

మనవాళ్లు ఊరుకున్నారా అని ఎవరో ఒకరు అడుగుతారు. బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడినందుకు 1858లో చాందాలో (ఇప్పటి చంద్రపూర్) ఉరితీసిన గోండు జమీందారు బాబూరావు షెడ్మాకే గురించి అప్పుడు చెప్పండి.

ఇక ఆ పాలన మనకు మిగిల్చి పోయినవి. దీనికి ఎక్కువ టైం ఇవ్వండి, పుస్తకం రెండు లైన్లలో తేల్చేస్తుంది. సిరొంచ ప్రాంతాన్ని 1860లో బ్రిటిష్ వాళ్లు నిజాం నుంచి తీసుకున్నారు, అందుకే ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, చుట్టాలు నది అవతల కాళేశ్వరంలో. 1878 అటవీ చట్టంతో అడవి సర్కారుదైంది. మన జిల్లాలోనే మెండా లేఖా గ్రామసభకు తన అడవి మీద హక్కు దక్కింది 2009లో.

చివరికి మ్యాప్ గీయించండి: పత్తి వెళ్లాల్సిన దారి ఒక రంగులో, లాంకషైర్ బట్ట తిరిగొచ్చిన దారి ఇంకో రంగులో.